రెండున్నర రూపాయల పేరు

మా నాయన బాగేపల్లి దగ్గరున్న చింతతోపు అమ్మి, పసుపు కుంకుమ కింద నాకు వెయ్యి రూపాయలిచ్చారు. ఆ నెలలోనే చిక్కబళ్ళాపురం నుంచి పిళ్ళప్ప మేష్టరు తన ఫిడేలు అమ్ముతానని కబురు పంపారు. చిన్నప్పుడు నాకు సరళీ వరసలు నేర్పింది ఆయనే. పెళ్ళయి చింతామణికి వచ్చాక నా వేళ్ళకు వక్కలు కత్తిరించడమే పనైపోయింది. వెల నలభై రూపాయలు. ఏడాది ఆగుతానన్నారు.

ఆ వెయ్యి రూపాయల అసలును ముట్టుకునే మాటే లేదు. షావుకారింట పుట్టి షావుకారింట మెట్టినదాన్ని. మా ఆయనది చింతపండు, బెల్లం మండీ. అడిగితే కొనిచ్చేవారే. కానీ ఆ ఫిడేలు పుట్టింటి డబ్బుతోనే రావాలి. లేకపోతే వాయించినప్పుడల్లా ఖర్చు గుర్తుకొస్తుంది. నాక్కాదు, ఆయనకు.

ఊళ్ళో అప్పిస్తే నూటికి నెలకు ముప్పావలా వడ్డీ వస్తుంది, అసలు సంగతి దేవుడెరుగు. బ్యాంకులో ఏడాది డిపాజిట్టుకు నూటికి నాలుగే, కానీ నిద్ర పడుతుంది. వెయ్యికి నలభై. ఫిడేలుకు సరిగ్గా సరి!

"నిలు," అన్నారు మా ఆయన, మజ్జిగన్నం కలుపుతూ. "ఆ నలభై నా మండీ ఆదాయంలో కలుస్తాది. మైసూరు సర్కారుకు రూపాయికి అణా పన్ను. నలభై అణాలు పోతే మిగిలేది ముప్పై ఏడున్నర. తక్కిన రెండున్నర యాడ నుంచి తెస్తావు?"

లెక్క తేలితే ఆ మనిషి ముఖం వెలిగిపోతుంది. నాకు ఒళ్ళు మండింది.

"మీ మండీలో ఎందుకు కలపాల? నా పేరు మీద ఏస్తే? నాకేమన్నా యాపారం ఉండాదా? ఏడాదికి నలభై రూపాయలొచ్చేదానికి సర్కారు పన్నేస్తాదా?"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి పన్ను కడుతున్న మనిషికి ఇది తట్టలేదు. మండీవాళ్ళ ఇళ్ళలో డబ్బు ఎవరిదైనా పేరు యజమానిదే మరి. "నిజమే కదే," అన్నారు చివరికి.

మర్నాడు బ్యాంకుకు వెళ్ళాం. గుమాస్తా కన్నడ కుర్రాడు. డబ్బు ఎవరిచ్చారని అడిగాడు. మా నాయన అన్నాను.

"అయితే చిక్కు లేదమ్మా. మీ ఆయనిచ్చింటే పన్ను ఆయన మీదే పడేది," అని రాసుకుని, "యజమానర హెసరు?" అన్నాడు.

ఇంటాయన పేరు చెప్పమంటున్నాడు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నూరిపోసింది. ఆ పేరున్న దేవుణ్ణి కూడా నేను గోపాలుడనే పిలుస్తాను. మా ఆయన నోరు తెరవబోతే గుమాస్తా చెయ్యెత్తాడు.

"డిపాజిట్టు ఆమెది. ఆమే చెప్పాల."

మా ఆయన కళ్ళలో కొంటెతనం కదిలింది. "చెప్పలేకుంటే పోనీలే, నా పేరు మీదే రాపిద్దాం. పోయేది రెండున్నరే కదా?"

రెండున్నరా! నేను కాపరానికొచ్చిన రోజు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, పేరు చెప్తే గానీ లోపలికి రానివ్వలేదు. ఆ రోజు పాటలో పెట్టి చెప్పాను. పాటలో చెప్తే దోషం లేదంటారు. కొంగు బిగించి, బ్యాంకంతా వినేలా అందుకున్నాను:

"చింతామణి సంతలో చింతపండు రాశి,
రాశి కాడ చూడండి తప్పులేని త్రాసు,
త్రాసు పట్టిన దొర మా ముద్దుకృష్ణ,
ఆయన ఇల్లాలిని, వాసవాంబను నేను!"

డబ్బు లెక్కపెట్టుకుంటున్న షావుకార్లు లెక్క తప్పి చప్పట్లు కొట్టారు. మా ఆయన చెవులు మిరపపండులా ఎర్రబడ్డాయి. కాపరానికొచ్చిన రోజు తర్వాత మళ్ళీ ఇప్పుడే తన పేరు నా నోట విన్నారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఏడాది తిరిగేసరికి నలభై రూపాయలూ పైసా తగ్గకుండా చేతికొచ్చాయి, ఫిడేలు ఇంటికొచ్చింది. మొదటిరోజు నా వాయింపుకు బెల్లం బండి ఎద్దులు బెదిరి తాళ్ళు తెంపుకున్నాయి. అయినా నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

డిపాజిట్టు రసీదు ఏడాదికోసారి తిరగరాయించాలి. ఎంత బేరమున్నా ఆ రోజు మండీకి తాళమేసి మా ఆయన నా వెంట వస్తారు. మొన్న గుమాస్తా నన్ను అడక్కుండానే, పాత రసీదు చూసి మా ఆయన పేరు రాసేయబోయాడు.

"అదేంది స్వామీ," అన్నారు మా ఆయన నొచ్చుకుంటూ. "ఆమెను అడగాల కదా?"