పుట్టుమచ్చతో సహా

గేటు దగ్గర కాపలాదారు చేతిలో ఉన్న కాగితాన్ని బొమ్మలాయన రోడ్డుకి ఇవతలి నుంచే గుర్తుపట్టాడు. గుర్తుపట్టకేం? తను గీసిందే. మధ్యలో పెద్ద తాళం, దాని చుట్టూ తొమ్మిది మంది ఆడవాళ్ల ముఖాలు, కింద లావు అక్షరాలతో 'వెనక తలుపు తెరవండి'.

పోస్టరును ఏ గోడ మీంచో ఒలుచుకొచ్చినట్టున్నారు. అంచులకి పిండి జిగురు ఇంకా వేలాడుతోంది. పొద్దుటి షిఫ్టుకి వరసలో నిలబడ్డ కుట్టుపనివాళ్లని కాపలాదారు ఒక్కొక్కరినే ఆపుతున్నాడు. కాగితాన్ని చెంప పక్కన పెట్టి, దొంగనోటును వెలుతురులో చూసినట్టు చూస్తున్నాడు. ముఖం కలవకపోతే లోపలికి. కలిస్తే పక్కకి.

ఎనిమిది మంది పక్కకి వచ్చేశారు. తొమ్మిదో మనిషి బొమ్మలాయన సొంత చెల్లెలు. ఆమె దగ్గర కాపలాదారు కాగితం ఎత్తను కూడా ఎత్తలేదు.

"నిన్ను పోల్చి చూసే పనే లేదమ్మా. పుట్టుమచ్చతో సహా దిగిపోయావు."

బొమ్మలాయన రోడ్డుకి ఇవతలే ఆగిపోయాడు. పోలీసులకీ యజమానికీ లేని పనితనం తనకి ఉన్నందుకు, జీవితంలో మొదటిసారి సిగ్గుపడ్డాడు.

ఆ బట్టల ఫ్యాక్టరీలో కుట్టు హాలుకి రెండు తలుపులు. వెనక తలుపుకి బయట తాళం. పనివాళ్లు గాలి పీల్చుకోవడానికి వెళితే మెషిన్లు ఆగిపోతాయట! ఆ మధ్య ముందు తలుపు దగ్గరి ఇస్త్రీ బల్ల పక్కన గుడ్డపీలికల కుప్ప అంటుకుంది. మంట చిన్నదే, పొగ పెద్దది. అందరూ పోయి వెనక తలుపు మీద పడ్డారు. అది తెరుచుకోలేదు. గుండీలు కుట్టే పిల్ల ఒకతె ఆ తలుపుకి ఆనుకునే ప్రాణం వదిలింది. యజమాని వెంటనే చర్య తీసుకున్నాడు: కొత్త తాళం కొన్నాడు. పాతదానికంటే పెద్దది.

అప్పుడే బొమ్మలాయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బడి మధ్యలో మానేసి, సైన్‌బోర్డులు రాసే గురువు దగ్గర కుంచెలు కడిగి, ఎదిగి ప్రకటనల కంపెనీలో చేరి, సబ్బుల అబద్ధాలు గీయలేక బయటికొచ్చిన మనిషి. పగలు మందుల షాపులకి బోర్డులు, సబ్బులకి బదులు అగ్గిపెట్టెలకి లేబుళ్లు చేస్తాడు. రాత్రిళ్లు ఎవరికి అన్యాయం జరిగితే వాళ్ల పోస్టరు. గురువు ఒక మాట నేర్పాడు: 'మొహం గీస్తే మొహంలా గీయి, గుమ్మడికాయలా గీయకు.' చెల్లెలి ఫోన్లో ఉన్న ఫొటోలు ముందు పెట్టుకుని, కళ్ల కింద నలుపు కూడా వదలకుండా గీశాడు. కొరివితో తల గోక్కున్నాడు. తన తల అయితే బాగానే ఉండేది, గోక్కున్నది తొమ్మిది మంది తలలు.

గేటు దగ్గర తొమ్మిది మందినీ ఆపేసిన ఆ రోజే, మధ్యాహ్నం షిఫ్టు దిగాక అందరూ అతని మేడమీది గదిలో చేరారు. కుర్చీ ఒక్కటే. రంగు డబ్బాల మీద కూర్చున్నవాళ్లు కూర్చుంటే, మిగతావాళ్లు మెట్లదాకా నిలబడ్డారు.

"ఇంత బాగా గీయమని నిన్నెవరడిగారయ్యా?" ఇస్త్రీ చేసే ముసలాయన మొదలెట్టాడు. అందరూ ఆయన్ని ఇస్త్రీ మామ అంటారు. "నాలుగు గీతలు గీకి, రెండు చుక్కలు పెడితే కళ్లు. అయిపోయేది కదా!"

"మనిషిని మనిషిలా గీయకపోతే అదేం బొమ్మ మామా?"

"నీ బొమ్మ బాగానే ఉంది నాయనా. మా బతుకే బాగోలేదు."

ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వినందుకు తలొంచుకున్నారు.

"తప్పు నాదే," అన్నాడు బొమ్మలాయన. "మళ్లీ వేస్తాను. ఈసారి ముఖాలుండవు. నల్లటి నీడలు పెడతాను. ఎవరెవరో దేవుడికి కూడా తెలీదు."

గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర పనిచేసే కత్తెరక్క అప్పటిదాకా గోడకి చేరగిలబడి వింటోంది. ఒక్కసారి ముందుకొచ్చింది.

"నీడలా? ఆ పిల్ల పోతే పేపర్లో ఏం రాశారు? 'ఒక కార్మికురాలు' అని రాశారు. పేరు లేదు, ముక్కూ మొహం లేదు. వాళ్లకి మనం ఎప్పుడూ నీడలమే. నువ్వు కూడా మొదలెట్టావా?"

"మరేం చేయమంటావక్కా? తొమ్మిది మందీ రోడ్డున పడ్డారు!"

"తొమ్మిది మందినే గీశావు కాబట్టి పడ్డారు. అందర్నీ గీయి."

గది ఒక్కసారి భగ్గుమంది.

"అందర్నీ గెంటేస్తారు!" ఇస్త్రీ మామ అరిచాడు.

"గెంటనీ. మెషిన్ల ముందు ఎవడు కూర్చుంటాడు? మేనేజరుకి సూదిలో దారం ఎక్కించడం వచ్చా?"

"నీకేమమ్మా, ఒంటిదానివి. మాకు పిల్లలున్నారు," మెట్ల దగ్గర్నుంచి ఒకావిడ అంది.

"ఆ పొగలో ఉన్నది నీ పిల్ల కాదు కాబట్టి మాట్లాడుతున్నావు!"

మాటలు తోపులాటదాకా వచ్చాయి. అప్పుడు చెల్లెలు గొంతెత్తింది. అన్న వైపు చూడకుండానే మాట్లాడింది.

"మొన్న అన్నయ్య మమ్మల్ని గీశాడు కానీ, గీయనా అని అడగలేదు. తప్పు అక్కడుంది. ఈసారి ఎవరి మొహం వాళ్లే తెచ్చుకోవాలి. ఇష్టమైనవాళ్లు ఇక్కడికొచ్చి కూర్చోండి. రానివాళ్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు."

కిటికీ దగ్గర స్టూలు వేశారు. మర్నాడు దాని మీద ఎవరూ కూర్చోలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా బొమ్మలాయన పెన్సిలు అందుకునేవాడు. చప్పుడు పక్కింటికి పోయేది.

చివరికి ఒక మనిషి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బూట్లు వేసుకున్న మనిషి, మేనేజరు.

"నన్ను కూడా గీస్తావేంటి?" అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "కళాకారుడివి, నీకెందుకయ్యా ఈ గొడవ? రేపు మీ చెల్లెల్ని పంపు. తన మెషిను తనకే ఇస్తాం. కొత్త పోస్టరు మాత్రం వద్దు. వేశావో, ఈ ఊళ్లో ఏ గేటూ ఆ అమ్మాయికి తెరుచుకోదు."

మేనేజరు దిగి వెళ్లాక కూడా బొమ్మలాయన ఆ స్టూలు కేసే చూస్తూ ఉండిపోయాడు. చెల్లెలి బతుకు తన చేతుల్లో పెట్టిపోయాడు. తను ఒకసారి ఆమెని అడక్కుండా రోడ్డు మీద పడేశాడు. ఇప్పుడు అడక్కుండా లోపలికి తోసెయ్యొచ్చు. ఈ రెండోది పుణ్యంలా కనిపిస్తుంది, అదే దాని విషం.

ఆమె రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. నిన్నడుగుతున్నాను."

ఆమె ముఖం కడుక్కుంది. తుడుచుకుంటూ అంది: "అంటే నన్నొక్కదాన్ని లోపలికి రానిచ్చి, వెనక తలుపు తాళం అలాగే ఉంచుతారు. అంతేగా?" వెళ్లి స్టూలు మీద కూర్చుంది. "గీయి. మచ్చ వదిలేశావో, ఊరుకోను."

ఆ మాట హాల్లో మెషిను నుంచి మెషినుకి పాకింది. మర్నాడు అందరికంటే ముందు వచ్చింది ఎవరనుకున్నారు? ఇస్త్రీ మామ. చొక్కా మడత నలక్కుండా, మెడదాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు.

"పళ్లు లేనట్టు గీయకు," అన్నాడు. "లేవనుకో. అయినా సరే."

ఆయన వెనక కత్తెరక్క, ఆమె వెనక గుండీల పిల్ల తల్లి, ఆమె వెనక మెట్ల నిండా జనం. పిల్లలున్న ఆవిడ కూడా పిల్లల్ని చంకనెత్తుకునే వచ్చింది. ఇద్దరు ముగ్గురు స్టూలు దాకా వచ్చి, చూసి, తలొంచుకుని వెళ్లిపోయారు. వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. అందరూ అయ్యాక చెల్లెలు అద్దం తెచ్చి అన్న ఎదురుగా పట్టుకుంది.

"ఇప్పుడు నీ మొహం."

కింది మూలన, చెవిలో పెన్సిలు పెట్టుకున్న మనిషి ముఖంతో పోస్టరు పూర్తయింది.

అతికించిన పొద్దున కాపలాదారు కొత్త కాగితం పట్టుకుని వరస ముందు నిలబడ్డాడు. మొదటి మనిషి కలిసింది. రెండో మనిషీ కలిసింది. పదో మనిషి దగ్గర కాగితం కిందికి దించేశాడు.

"సార్," అని లోపలికి కేకేశాడు, "ఎవర్ని ఆపమంటారు?"

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అందరూ లోపలికి పదండి! పదండి!"

"ఎలా వస్తాం సార్? మేం కూడా పోస్టర్లో ఉన్నాం," అంది కత్తెరక్క. "ముందు ఆ తొమ్మిది మంది. దానికంటే ముందు తాళం."

"తాళం తీయాలి!" వరస చెదిరి, రోడ్డు పక్కన నిలబడ్డ తొమ్మిది మందినీ బొమ్మలాయననీ కలుపుకుని గుంపైంది, గుంపు గోడై నిలబడింది. లోపల సైరన్ మోగింది. మెషిన్లు మోగలేదు.

అంతలో పోలీసు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పోస్టరు మూల చూశాడు, గుంపులోకి చూశాడు. చెవిలో పెన్సిలున్న మనిషి తనంతట తానే ముందుకొచ్చాడు. జనాన్ని రెచ్చగొట్టాడట! అతన్ని జీపులోకి తోశారు. కానిస్టేబుళ్లు గోడ మీది కాగితాలన్నీ చించేశారు. పిండి జిగురు మరకలతో గోడ బోసిపోయింది.



అప్పుడు చెల్లెలు జేబులోంచి, గుడ్డ మీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్క తీసింది. గోడ మీద ఒక ముఖం గీసింది. చెవి, చెవిలో పెన్సిలు. కళ్లు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి.

"ముక్కు వంకర పోయింది!" జీపు జాలీలోంచి బొమ్మలాయన అరిచాడు.

"బయటికొచ్చి దిద్దుకో అన్నయ్యా! అందాకా అలాగే ఉంటుంది!"

జీపు కదిలింది. ఆమె పక్కన తన ముఖం మొదలుపెట్టి, ముందుగా పుట్టుమచ్చ పెట్టింది. గోడ ఇంకా చాలా ఖాళీగా ఉంది. సుద్దముక్క కోసం చాచిన చేతులు అంతకంటే ఎక్కువున్నాయి.