ఎడమ వెనక తలుపు

కార్ల ప్రదర్శనకు వెళ్దామని పట్టుబట్టింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. జరిగింది విన్నవాళ్లందరూ తప్పంతా మా ఆయన మీదకే తోస్తున్నారు. ఆయన ఆ ఉదయం మంచం దిగనేలేదు. "నడుం పట్టేసింది. మీ వదినను తీసుకుని వెళ్లు" అన్నాడు. పదిహేను నెలల పాటు ఒక్క ఆదివారం కూడా పట్టని నడుం సరిగ్గా ఆ రోజే పట్టిందట. "మీ పేరు మీరే చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు, లేవండి" అని దుప్పటి లాగేశాను.

మా ఆయన టింకర్. గుద్దుకుని నొక్కుకుపోయిన కారు రేకును సుత్తితో కొట్టి కొట్టి మళ్లీ మునుపటి ఆకారానికి తెచ్చే పని. ఇరవై రెండేళ్లుగా ఒకరి షెడ్డులో చేస్తున్నాడు. దెబ్బలు ఆయనవి, గుమ్మం మీద పేరు షెడ్డు యజమానిది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

నేను ఒక బట్టల దుకాణంలో ఆల్టరేషన్లు చేస్తాను. ప్యాంటు అంచులు మడిచి కుట్టడం, బిగుతైన నడుములు వదులు చేయడం. ఎవరి కుట్టు ఎలాంటిదో తెలియాలంటే నేను బట్ట తిరగేసి చూస్తాను. మా ఆయన కారును కళ్లు మూసుకుని చూస్తాడు. అరచేయి రేకు మీద ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోతాడు. కంటికి దొరకని వంకర చేతికి దొరుకుతుందట. ఆ తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసి అక్కడక్కడా అంటించి చూస్తాడు. రేకు కొట్టడం చేతకానివాళ్లు సొట్టలో పుట్టీ నింపి, అరగదీసి, పైన రంగు వేసేస్తారు. చూడ్డానికి ఏ తేడా ఉండదు. అయస్కాంతం మాత్రం ఇనుము మీద నిలుస్తుంది గానీ పుట్టీ మీద నిలవదు, జారి కింద పడుతుంది. "నా పనిలో చిటికెడు పుట్టీ ఉండదు" అనేది మా ఇంట్లో ఉప్పూ నీళ్లలా రోజూ ఉండే మాట. ఆ అయస్కాంతం రంగు మీద గీతలు పెట్టకుండా పాత రవిక గుడ్డతో దానికి సంచి కుట్టింది నేనే.

అలాంటి చేతి కోసమే పళ్ల డాక్టరు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన తాతగారి కాలం నాటి కారు ఒకటి ఇంటి వెనక తుప్పు పట్టి పడి ఉంది. దాన్ని మళ్లీ నిలబెట్టి ఏటా జరిగే పెద్ద ప్రదర్శనలో పెట్టాలని ఆయన కోరిక. "ఆదివారాలు వచ్చి చెయ్యి మేస్త్రీ. అక్కడ ప్రతి కారు పక్కనా బోర్డు పెడతారు. దాని మీద నీ పేరు రాయిస్తాను. ఇలాంటి పాత కార్లున్నవాళ్లంతా అక్కడికే వస్తారు, ఇక నీ గుమ్మం ముందు వరసే" అన్నాడు.

ఆ మాట మా ఆయన బుర్రలో గూడు కట్టేసింది. మా వీధి చివర తాళం వేసి ఉన్న షెడ్డు ఒకటుంది. రోజూ పనికి వెళ్తూ దాని తలుపు సందులోంచి లోపలికి చూసేవాడు. సుత్తులు ఏ గోడకు తగిలించాలో, గాలి కంప్రెసర్ ఏ మూల పెట్టాలో నాకు చెప్పేవాడు. "ఒక్కసారి పేరు పడనీ" అనేవాడు. పేరు పడితే తన పని తను పెట్టుకుంటాడు, పడకపోతే ముసలివాడయ్యేదాకా ఒకరి గుమ్మం కింద సుత్తి పట్టాలి. నలభై ఎనిమిదేళ్లవాడికి ఇంకో అవకాశం ఎక్కడినుంచి వస్తుంది?

పదిహేను నెలల ఆదివారాలు అలా డాక్టరు ఇంటి వెనక గడిచాయి. నేను ఒక్కదాన్నే తిన్నాను, ఒక్కదాన్నే బజారుకు వెళ్లాను. నా నోరు ఊరుకుంటుందా, "ఆ కారునే కట్టుకోవాల్సింది మీరు" అని దెప్పేదాన్ని. ప్రదర్శన ఇంకో నెలలో ఉందనగా మా అన్నయ్య కొత్త ఇంటికి మారాడు. చూడ్డానికి రమ్మన్నాడు. "అరవై ఆదివారాలు ఆ డాక్టరుకిచ్చారు, ఒక్కటి నాకివ్వండి" అన్నాను. ఏమీ అనకుండా వచ్చాడు. వచ్చి రోజంతా కిటికీ పక్కన కూర్చుని తన వేళ్లు తను చూసుకున్నాడు. మా వదిన పలకరించినా పొడిపొడిగా మాట్లాడాడు. పుట్టింటివాళ్ల ముందు పరువు తీశాడని ఆ వారమంతా సాధించాను.

సరే, ప్రదర్శన. ముందు హాల్లో అన్నీ కొత్త కార్లే. తిరిగే వేదికల మీద, కళ్లు జిగేల్‌మనే దీపాల కింద గుండ్రంగా తిరుగుతున్నాయి. జనం వాటిని చూడ్డం లేదు, వాటి ముందు నిలబడి తమను తాము ఫోన్లలో చూసుకుంటున్నారు. మామూలుగా అయితే మా ఆయన ప్రతి కారు దగ్గరా ఆగి, ఈ డోరుకీ ఆ డోరుకీ మధ్య సందు సమానంగా లేదని తప్పులు పట్టేవాడు. ఆ రోజు తల దించుకుని నా వెనక నడిచాడు. పేరు చూసుకోబోయేవాడికి బెరుకు ఉంటుందిలే అనుకున్నాను.

పాత కార్లు వెనక హాల్లో ఉన్నాయి. డాక్టరుగారి కారు మూడోది. ముదురు ఆకుపచ్చ రంగు. నేను దాన్ని తుప్పు ముద్దగా ఉన్నప్పుడు ఒక్కసారి చూశాను. ఇప్పుడు బానెట్టు మీద నా ముఖం కనపడుతోంది. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ నేను తిట్టింది దీన్నా అనుకున్నాను. అప్పుడు బోర్డు చదివాను.

"పూర్తిగా రేకు పనితో, యజమాని స్వహస్తాలతో పునరుద్ధరించిన వాహనం" అని ఉంది. కింద డాక్టరు పేరు. మళ్లీ చదివాను. బోర్డు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో టైర్ల దుకాణానికీ సీట్లు కుట్టినవాళ్లకీ కృతజ్ఞతలు చెప్పారు. మా ఆయన పేరు అక్కడ కూడా లేదు.

డాక్టరు తెల్ల చొక్కా వేసుకుని, చుట్టూ చేరిన పదిమందికి రేకు ఎలా కొట్టాడో చేయి ఊపి చూపిస్తున్నాడు. ఆ పట్టుతో కొడితే గోడకు మేకు కూడా దిగదు. "పదిహేను నెలలు. ఒక్క ఆదివారం వదల్లేదు" అంటున్నాడు. అవి నా ఆదివారాలు. మమ్మల్ని చూసి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకు మేస్త్రీ. ఈ పోటీలో యజమాని స్వయంగా చేసుకుంటే మార్కులెక్కువ. వచ్చే ఏడు చూద్దాం."

"సరే సార్" అన్నాడు మా ఆయన.

సరే సార్. అంతే. అని, వెళ్లి కారు ఎడమ వెనక తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు, బస్సులో సీటు ఆపుకున్నవాడిలా. నా ఒళ్లు మండిపోయింది.

"నోరు లేదా మీకు?" అన్నాను.

"పద, ఇంటికి పోదాం."

"పోవడమేంటి? పదిమందిలో అడగండి. మీరు అడగకపోతే నేనడుగుతాను."

"వద్దే. ఈ ఒక్కసారికి నా మాట విను."

"కుక్కిన పేనులా పడి ఉండటం మీకు అలవాటైపోయింది" అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలని ఉంది. మాటకు కుట్టు విప్పడం నాకు రాదు.

ఇంతలో జడ్జీలు వచ్చారు. ముగ్గురిలో పెద్దావిడ, నెరిసిన జుట్టు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. "రేకంతా మీరే కొట్టారా?" అని డాక్టర్ని అడిగింది.

"అంతా నేనే మేడం. చిటికెడు పుట్టీ ఉండదు" అన్నాడు డాక్టరు.

పేరు తీసుకున్నాడు, ఆదివారాలు తీసుకున్నాడు, చివరికి మా ఇంట్లో మాట కూడా ఎత్తుకుపోయాడు. ఇక నేను ఆగలేదు. "అబద్ధం. ఈ కారు చేసింది మా ఆయన" అన్నాను. చుట్టూ ఉన్న తలలన్నీ తిరిగాయి. డాక్టరు చిరునవ్వు చెదరనీయకుండా "మా దగ్గర చిల్లరమల్లర సాయం చేసిన మనిషి భార్య మేడం" అన్నాడు.

"మీరు చెప్పేదానికి ఆధారం ఏమైనా ఉందామ్మా?" అంది పెద్దావిడ.

ఆధారం. నేను మా ఆయన జేబులో చేయి పెట్టాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు, మర్నాటికి కూడా ఆ చోట కమిలి ఉంది. విదిలించుకుని అయస్కాంతం బయటికి తీశాను. "ఈ సంచి నేను కుట్టింది. ఆయన చేసిన కారు మీద ఇది ఎక్కడ పెట్టినా నిలుస్తుంది. పెట్టి చూడండి."

ఆవిడ డాక్టరు వైపు చూసింది. "నిరభ్యంతరంగా" అన్నాడు ఆయన. రంగు కింద ఏముందో పాపం ఆయనకేం తెలుసు, చేస్తేగా తెలియడానికి.

బానెట్టు పక్క వాలు మీద పెట్టింది. నిలిచింది. పైకప్పు అంచు వాలు మీద, కుడివైపు రెండు తలుపుల మీద, వెనక డిక్కీ మీద. అన్నిచోట్లా జిగురు పెట్టినట్టు నిలిచింది. జనంలో ఎవరో "పనోడే" అన్నారు. ఆ మాట డాక్టర్ని కాదు, మా ఆయన్ని అన్నట్టే వినపడింది నాకు. గాల్లో తేలిపోయాను. "అక్కడ కూడా పెట్టండి" అని ఆయన నిలబడ్డ చోటు చూపించాను.

ఆయన కదల్లేదు. "జరగండి, సిగ్గెందుకు" అని భుజం పట్టుకుని పక్కకు నెట్టాను. అయస్కాంతం ఆవిడ చేతిలోంచి తీసుకుని తలుపు మధ్యలో నేనే పెట్టాను.

పడిపోయింది.

సరిగ్గా పెట్టలేదనుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. జానెడు కిందికి పెట్టాను. అక్కడా పడింది. మెత్తటి గుడ్డ కదా, పెద్దగా చప్పుడు కూడా కాలేదు. మా ఆయన నేల చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, పొద్దున నడుం ఎందుకు పట్టిందో, ఆ తలుపుకు వీపెందుకు ఆనించాడో.

పెద్దావిడ వేలి కణుపుతో తట్టి చూసింది. "వేలి మందాన పుట్టీ ఉందిక్కడ" అంది.

డాక్టరు ముఖంలో రంగు మారింది. రంగు మారడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు మాట మారడానికి.

"నాకేం తెలుసు మేడం. రేకు పనంతా ఈ మేస్త్రే చేశాడు. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బదాకా ఇతనే. నమ్మి అప్పగించాను. ఇలా మోసం చేస్తాడనుకోలేదు."

పదిహేను నెలలు ఎదురుచూసిన మాట. పదిమందిలో, జడ్జీల ముందు, స్పష్టంగా చెప్పాడు.

"మరి బోర్డు మీద అలా లేదే" అంది ఆవిడ.

"ఇప్పుడే సరిచేయిస్తాను" అని డాక్టరు అక్కడ పనిచేసే అమ్మాయిని పిలిచాడు. ఆ అమ్మాయి లావుపాటి నల్ల మార్కర్‌తో వచ్చి, "యజమాని స్వహస్తాలతో" అన్న మాటలు కొట్టేసి, మా ఆయన పేరు అడిగింది. ఆయన చెప్పాడు. వినపడలేదని మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు. "రేకు పని" అని రాసి, పక్కన ఆయన పేరు ఇంటిపేరుతో సహా రాసింది. మంచి దస్తూరీ. దూరం నుంచి కూడా కనపడుతుంది. డాక్టరుకు బహుమతి పోయింది, ఆ సంగతి నాకు ఏ సుఖమూ ఇవ్వలేదు. జడ్జీలు పక్క కారుకు వెళ్లారు. జనం మాత్రం వెళ్లలేదు. ఒకాయన అయస్కాంతం నేల మీంచి తీసి తన పిల్లలకు ఆ తలుపు మీద పెట్టి చూపిస్తున్నాడు, పడినప్పుడల్లా వాళ్లు నవ్వుతున్నారు. నేను అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం వాలిన ఎండ ఆయన ఒళ్లో పడుతోంది. ఆరు స్టాపులు దాటేదాకా నేను మాట్లాడలేదు, నా జన్మలో అదే ఎక్కువ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను నా కడుపు కాదు, ఆయనది చించి అందరికీ చూపించాను.

"ఒక్క తలుపు ఎందుకండీ అలా?" అన్నాను చివరికి.

"దాన్ని ఆ ఆదివారం కొట్టాలి."

"ఏ ఆదివారం?"

"మీ అన్నయ్య ఇల్లు చూడ్డానికి వెళ్లాం కదా, అది. మంగళవారం పొద్దున్నే కారు రంగుకు వెళ్లిపోయింది. మధ్యలో సోమవారం షెడ్డు నుంచి వచ్చాక రెండు గంటలు దొరికాయి. రెండు గంటల్లో తలుపు దారికి రాదు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా. మానేసేదాన్ని కదా."

ఆయన కాసేపు తన వేళ్లు చూసుకున్నాడు.

"నువ్వడిగింది ఒక్క ఆదివారమే కదా" అన్నాడు.

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టడం నాకు బాగా వచ్చు.