గాలాడే డబ్బా

మాది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో ఫారెస్టు చెక్‌పోస్టు. కట్టెల లారీలు ఆపి చూడటం మా పని. దేశ సరిహద్దుకూ మాకూ ఏ సంబంధమూ లేదు. అయినా 2012లో, సరిహద్దు అధికారులకని పెట్టిన ఆన్‌లైన్ ట్రైనింగులో పైవాళ్లు మా పేర్లు కూడా రాశారు. గేటుంటే సరిహద్దే అనుకున్నారేమో. అంతరించిపోతున్న జంతువుల వ్యాపారం మీద రూల్సు. నిజాంసాగర్‌ను మించి నీళ్లు చూడని నేను సముద్రపు గుర్రాల పాఠం దగ్గరే నిద్రపోయాను.

నా జోడీ సిద్ధిరాములు మాత్రం సెలవు పెట్టి మరీ కామారెడ్డి నెట్ సెంటర్లో కూర్చుని పాసయ్యాడు. సర్టిఫికెట్టు మా గదిలో గోడకు అంటించాడు. అప్పటి నుంచి ఎవరైనా కోడిని పట్టుకుపోతున్నా వంగి చూసేవాడు.

దసరా తర్వాత ఓ మధ్యాహ్నం మాచారెడ్డి దిక్కు నుంచి కూలీల లారీ వచ్చింది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోతున్నారు. అందులో సిద్ధిరాములు అక్క దేవవ్వ ఉంది. తల్లి లేని వాణ్ని పెంచింది ఆమే. ఆమె ఒళ్లో సంచి, సంచిలో నక్షత్ర తాబేలు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఏళ్లుగా తిరుగుతున్నదదే.

"ఇదెట్ల తీస్కపోతవక్కా? గీ తాబేలు లిస్టుల ఉన్నది, బండెక్కిస్తే దొంగ రవాణా కిందికొస్తది."

"ఇల్లుకు తాళమేసినం తమ్మీ. దానికి ఆకెవ్వరేస్తరు?"

"ఇడిసిపెట్టరా" అన్నాను నేను. వాడు వినలేదు. సంచి తీసుకున్నాడు. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. దేవవ్వ ఏడవలేదు, ఏడ్చినా బాగుండేది.

వాడు అట్టడబ్బాకు బొక్కలు పొడిచి, ఎండుగడ్డి పరిచి, తాబేలును జాగ్రత్తగా దించాడు.

"భయపడకక్కా, జూకు మంచిగనే పంపిస్త. గాలాడాలె, ఎండ తగలొద్దు, నీళ్లు వెట్టాలె. ఒకదాని మీదొకటి ఎయ్యొద్దు. గిట్ల లేకుంటే బండి ఆపుడే. గిదంత రూలే."

దేవవ్వ శ్రద్ధగా విన్నది. లారీ వైపు తిరిగి చూసింది. మూటల మీద ఆడవాళ్లు, వాళ్ల మీద పిల్లలు, అందరి మీదా ఎండ.

"గట్లయితే మమ్ముల గూడ పట్టుకోరాదుర తమ్మీ" అన్నది.

సిద్ధిరాములు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. దేవవ్వ లారీ ఎక్కింది. డ్రైవరు హారను కొట్టాడు. వాడు కదల్లేదు.

గేటు నేనే ఎత్తాను.