వెయిట్‌ఫర్ ఖాళీగా ఉంటే

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మాన్యువల్ రాసేవాళ్లంటే కూరలో కరివేపాకే. అశ్వినికి ఆ సంగతి తెలుసు, కానీ లెక్కచేయదు. యూనిక్స్ ప్రమాణం ప్రకారం మాన్యువల్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు ఒక విభాగం ఉండాలి. అంటే ప్రోగ్రాముకు బయటినుంచి అందే పేర్లు, వాటి విలువలు. ఏ పేరు ఎవరు పెడతారో, పెడితే ఏమవుతుందో తాను స్వయంగా పరీక్షించనిదే ఒక్క ముక్క రాయదు ఈ కడప పిల్ల. ఉత్త మొండిఘటం.

ఈసారి రాస్తున్నది లిఫ్టులు నడిపే ప్రోగ్రాముకు. పుప్పాలగూడలో తాను, భర్త గిరీష్ అద్దెకుంటున్న టవర్‌లో నడిచేదీ అదే కాబట్టి, పరీక్షలకు ఆ టవర్‌నే ఇచ్చారు. కోడ్‌లో ఎవరూ ఎక్కడా ప్రస్తావించని వేరియబుల్ ఒకటి కనబడింది: వెయిట్‌ఫర్. అందులో ఎవరి పేరుంటే వాళ్లు ఎక్కేదాకా లిఫ్ట్ తలుపులు మూసుకోవు. ఆ పేరు పెడుతున్నదెవరో మాత్రం ఎంత గాలించినా దొరకలేదు.

మొదటిసారి చూసినప్పుడు అందులో చెన్నమ్మ అని ఉంది. వాళ్ల టవర్‌లోనే పై అంతస్తు పెద్దావిడ. లిఫ్ట్ ఆమె గుమ్మం ఎదుట తెరుచుకుని నిలబడిందట. ఆమె ఎక్కింది. కింద తలుపులు తెరుచుకునేసరికి ప్రాణం లేదు. గుండెపోటన్నారు. ఆ తర్వాత నర్సయ్య అని వచ్చింది, వాచ్‌మన్. అతనూ అలాగే పోయాడు.

అశ్విని హడలిపోయి మేనేజర్ వేణు దగ్గరికి వెళ్లింది.

"ఏందమ్మా, లిఫ్ట్‌కు దయ్యం పట్టిందంటవా? జర చాయ్ తాగు. గా లైను వచ్చే రిలీజ్‌ల తీసేద్దం, ఫికర్ చెయ్యకు," అని నవ్వేశాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండింది.

మరో మధ్యాహ్నం ఆఫీసులో మళ్లీ చూసింది. గిరీష్ అని ఉంది.

ఆ రోజు అతను ఇంటినుంచే పనిచేస్తున్నాడు. వేరియబుల్‌ను తీసేసింది. మరుక్షణం అదే పేరు మళ్లీ వచ్చి కూర్చుంది. ఎన్నిసార్లు తీసినా అంతే. ఇంకో పేరు పెడదామంటే ఎవరిది పెడుతుంది? వేణు పేరు వేళ్లదాకా వచ్చిన మాట నిజం. సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు తోచింది, వేరియబుల్‌ను అలాగే ఉంచి అందులో పేరు ఖాళీ చేయొచ్చని. లేకపోవడం వేరు, ఖాళీగా ఉండటం వేరు. ఖాళీ చేసింది. పేరు తిరిగి రాలేదు.

వెంటనే ఫోన్ చేసింది. "గిరీష్, లిఫ్ట్ ఎక్కొద్దు!"

"నేను మెట్లమీదనే దిగి కిందికొచ్చినా ల్యా. ఈ లిఫ్టులకేమొచ్చిందో గానీ, రెండూ కింద తలుపులు బార్లా తెరుసుకోని ఉండాయి. ఎవురికోసమో ఏమో."

పేరు ఖాళీ అయితే ఏం చేయాలో రాసిన చోటును అశ్విని కోడ్‌లో వెతికి పట్టుకుంది. పేరు ఖాళీగా ఉంటే, ఎక్కేది ఎవరైనా సరే. పరీక్షించకుండా ఆమె చేసిన పని ఇదొక్కటే. ఫోన్‌లో కేకలు వినబడుతున్నాయి.

"ఎవరా అరిచేది?"

"స్కూలు బస్సొచ్చింది. పిల్లోళ్లంతా లిఫ్టు కాడికి పరిగెత్తుతాండారు."

"ఆపు వాళ్లను!"

"ఏమైంది నీకు? ఇంతమందిని నేనేడ ఆపేది?"

ఆలోచించే వ్యవధి లేదు. ఇచ్చే హక్కు తనకున్న పేరు ఒక్కటే. టైప్ చేసి ఎంటర్ నొక్కింది.

"అరె, మూసుకున్యాయే," అన్నాడు గిరీష్. "పిల్లోళ్లు బయటనే నిలబడిపోయినారు. నువ్వేమన్నా చేసినావా?"

ఆఫీసు లిఫ్టులను నడిపేదీ ఆ ప్రోగ్రామే. కుర్చీ వెనక, నడవా చివర, తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. లోపల ఎవరూ లేరు.

"సరేలే, తొందరగా ఇంటికి రా," అన్నాడు గిరీష్.

ఆమె లేవలేదు. తలుపులూ మూసుకోలేదు.