ఆనవాలు లేని కుట్టు

మా చెల్లెలి చేతిలో సూది ఉంటే లోకంలో చిరుగన్నదే మిగలదు. కోటు మీద నిప్పురవ్వ పడి బొక్కపడినా సరే, లోపలి మడతలోంచి దారం లాగి, పోగు పోగూ అల్లి, ఎక్కడ చిరిగిందో తెచ్చినవాళ్ళే వెతుక్కునేట్టు చేస్తుంది. ఈ పనిని రఫ్ఫు అంటారు. మా కొట్లో బేరాలాడేది నేను, కుట్టేది అది. ఆ పనితనమే మా కొంప ముంచింది.

దాని కూతురు ఆరో తరగతి. సన్నగా ఉంటుందని పిచ్చుక అని పిలుస్తాం. క్లాసు లీడరు పిల్లా, దాని వెనకాల తిరిగే మూకా కలిసి మా పిచ్చుక నీలం స్వెటర్‌ను వీపు మీద కత్తెరతో కోయడం మొదలుపెట్టారు. కోసి, కిసుక్కున నవ్వి, "మీ అమ్మకి పని ఇచ్చాం, థాంక్స్ చెప్పవే" అనేవాళ్ళట. వింటుంటే నా ఒళ్ళు మండిపోయేది.

పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తే, మా చెల్లెలు దాని కళ్ళు తుడవకముందే స్వెటర్ లాక్కుని సూది పట్టేది. "ఏం కాలేదమ్మా, చూడు, ఏమన్నా తెలుస్తోందా?" అనేది. తెల్లారేసరికి స్వెటర్ కొత్తదానిలా ఉండేది. పిల్ల మాత్రం నోట్లో ముద్ద పెట్టుకుని మింగడం మర్చిపోయేది.

నేను ఊరుకునే రకమా? పిచ్చుకను వెంటబెట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళాను. ఆవిడ స్వెటర్‌ను ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

"ఎక్కడమ్మా చిరిగింది?"

"మా చెల్లెలు కుట్టేసిందండీ."

"మరి నన్నేం చూడమంటారు?" అని పిల్ల వైపు తిరిగింది. "అబద్ధాలు చెప్పకూడదు తల్లీ. పిల్లలన్నాక సరదాకి ఆటపట్టిస్తారు."

సరదా అట, సరదా! అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు అరిచాను. వాచ్‌మన్ వచ్చి నాకు గేటు దారి చూపించాడు. గుమ్మం దగ్గర ఆ లీడరు పిల్ల పళ్ళికిలిస్తూ నిలబడింది.

"ఇంక నేను బడికి రాను పెద్దమ్మా" అంది పిచ్చుక. చదువంటే ప్రాణం పెట్టే పిల్ల నోట ఆ మాట విని నాకు భయమేసింది.

మర్నాడు బతిమాలి పంపించాం. సాయంత్రానికి మళ్ళీ కోత, ఈసారి భుజం నుంచి నడుం దాకా. చెల్లెలు ఒక చేత్తో సూది అందుకుని, రెండో చెయ్యి స్వెటర్ కోసం చాపింది. పిచ్చుక దాన్ని గుండెకు హత్తుకుంది.

"వద్దు. కుట్టకు."

"పిచ్చిదానా, రేపేం వేసుకుంటావే? నలుగురూ చూస్తే..."

"చూడనీ. నువ్వు కుట్టేస్తుంటే వాళ్ళేం చెయ్యనట్టే అయిపోతోందమ్మా. నేను అబద్ధాలకోరునవుతున్నా."

చెల్లెలు సూదిలో దారం ఎక్కించబోయింది. నాకు దాని మీదా కోపం ముంచుకొచ్చింది. "వినబడిందిటే? ఆ సూది అవతల పెట్టు" అని కసిరాను. పిచ్చుక నన్నూ వదల్లేదు.

"నువ్వూ రేపు మాట్లాడకు పెద్దమ్మా. నువ్వు అరిస్తే అందరూ నీ అరుపుల గురించే మాట్లాడతారు. నేను చెప్తా."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

పొద్దున చిరిగిన స్వెటర్‌తోనే బయల్దేరింది. వెనకాలే మేమిద్దరం. అసెంబ్లీకి పిల్లలంతా వరసల్లో నిలబడ్డారు. పిచ్చుక తిన్నగా హెడ్‌మిస్ట్రెస్ ముందుకెళ్ళి వీపు తిప్పింది.

"మేడమ్, ఇదీ చిరుగు. మా లీడర్ కత్తెరతో కోసింది. ఇదివరకూ కోసింది. మా అమ్మ కుట్టేసేది కాబట్టి మీకు కనబడలేదు."

ఆగకుండా చివరిదాకా చెప్పింది. నేను పళ్ళు బిగబట్టుకుని గేటు ఊచలు పట్టుకున్నాను. వెనక వరసలోంచి ఎవరో పిల్ల, "నేను చూశా మేడమ్" అంది. ఇంకో గొంతు, "నేనూ చూశా" అంది. ఇన్నాళ్ళూ ఏమయ్యారర్రా మీరంతా? హెడ్‌మిస్ట్రెస్ చిరుగును వేళ్ళతో తడిమింది. లీడరు పిల్ల బ్యాడ్జీ అక్కడే తీయించి, దాని అమ్మానాన్నలకు కబురు పెట్టింది. మా పిల్లను అబద్ధాలకోరన్నందుకు మాత్రం తప్పయిందని ఒక్క ముక్క అనలేదు. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

సాయంత్రం పిచ్చుక ఆకలి ఆకలంటూ వచ్చింది. చెల్లెలు కంచం పెట్టింది గానీ, స్వెటర్ వైపు చూడ్డానికే జంకింది. పిచ్చుకే దాన్ని విప్పి తల్లి ఒళ్ళో పెట్టింది.

"ఇప్పుడు కుట్టమ్మా. అందరూ చూశారు."