మధ్యాహ్నం మాత్ర

సీసాలో పద్దెనిమిది మాత్రలుండాలి. ఆరే ఉన్నాయి.

సుభద్ర వాటిని ఒళ్లో పోసుకుని మళ్లీ లెక్కపెట్టింది. ఆరే. ఒకటో తారీఖున బెజవాడ డాక్టరుగారు ముప్ఫై ఇచ్చారు. రోజుకొకటి, పొద్దున ఇడ్లీ తిన్నాక, తనే స్వయంగా కొడుకు నోట్లో వేస్తోంది. ఇవాళ ఏప్రిల్ పన్నెండు. అంటే ఇంట్లో ఎవరో పన్నెండు మాత్రలు తీశారు.

ఆమె గుమ్మంలోంచి వసారాలోకి చూసింది. నారాయణ కంచం ముందు కూర్చున్నాడు. పన్నెండేళ్లు వాడికి. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు జరుగుతున్నాయి. ఇందాకే ఇంగ్లీషు రాసి వచ్చాడు. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. ఎడమచేతి బొటనవేలి పక్క చర్మాన్ని గోరుతో గీరుతున్నాడు. నెత్తురొస్తోంది. ఆ సంగతి వాడికి తెలిసినట్టు లేదు.

"తినవేరా, నాన్నా?"

"తింటున్నాగా."

వెళ్లి వాడి వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా కింద గుండె దడదడలాడుతోంది, ఊరి చివరి నుంచి పరిగెత్తుకొచ్చినవాడికి మల్లే. వాడు మాత్రం అరగంటగా కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

వీడు కదలకుండా కూర్చోవాలని ఆమె మొక్కని దేవుడు లేడు. ఆరేళ్లలో మూడు బళ్లు మారిన పిల్లాడు. ఒక బళ్లో కండువాతో బెంచీకి కట్టేశారు. ఇంకో బడివాళ్లు టీసీ చేతిలో పెట్టి, "మీవాడికి చదువెందుకండీ, మామిడికాయల వ్యాపారం ఉందిగా" అన్నారు. మూడో బళ్లో సూర్యనారాయణ మాస్టారు ఒక్కడే ఆమెని పిలిపించి, "వీడిది అల్లరి కాదమ్మా. బెజవాడలో దశరథరామయ్యగారని ఉన్నారు, ఇలాంటి పిల్లల్ని చూస్తారు. ఒకసారి చూపించండి" అని చెప్పాడు.

దశరథరామయ్యగారు గంటసేపు వాడితో కబుర్లాడారు. "వీడు వినడం లేదని మీరనుకుంటున్నారు. వీడు అన్నీ ఒకేసారి వింటున్నాడు" అన్నారు. ఆ జబ్బుకి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు చెప్పారు. మొదట ఇచ్చిన మాత్రకి వాడు బెంచీ మీదే నిద్రపోయేవాడు. అది మార్చారు. రెండోరకం ముందు సగం, తర్వాత ఒకటి. హాఫ్ ఇయర్లీలో నారాయణ క్లాసులో మూడోవాడొచ్చాడు. ఆవేళ సుభద్ర ప్రోగ్రెసు కార్డు పట్టుకుని, వంటింటి తలుపు వేసుకుని ఏడ్చింది.

ఈ మాత్రలంటే గిట్టనిది ఇంట్లో ఒక్కరికే, అత్తగారు వరలక్ష్మికి. "పసివాడికి పిచ్చిమందు పోస్తున్నావు. ఏదో రోజు ఆ సీసా బావిలో పారేస్తాను చూడు" అని ఆవిడ వందసార్లైనా అని ఉంటుంది.

ఆవిడ పెరట్లో పీట వేసుకుని ఆవకాయ ముక్కలు తుడుస్తోంది. సుభద్ర సీసా ఆవిడ ముందు పెట్టింది.

"మిగతావి ఎక్కడ పారేశారు, అత్తయ్యా?"

ముసలావిడ గుడ్డ కింద పెట్టింది. "పారేద్దామనే అనుకున్నానే. ఆ కార్డు తెచ్చి నాకు చదివి వినిపించాడు చూడు, ఆవేళ మానుకున్నా. చివరిదాకా నా పక్కనే కూర్చుని చదివాడు. వాడు పుట్టాక అంతసేపు నా పక్కన కూర్చోవడం అదే మొదలు." గొంతు తగ్గించింది. "నన్ను కాదు, మీ ఆయన్నడుగు. వారం రోజులుగా మధ్యాహ్నం పూట పిల్లాణ్ణి గోదాముకి ఎందుకు పిలిపించుకుంటున్నాడో."

గోదాము రెండు వీధుల అవతల. సీజను మొదలైంది. నేలంతా వరిగడ్డి, గడ్డి మీద బంగినపల్లి కాయలు. కూలీలు గంపలు నింపుతుంటే శేషగిరిరావు ఒక్కో గంపలో కాగితంలో చుట్టిన కార్బైడు పొట్లం దూరుస్తున్నాడు.

"ఏవండీ, వాడికి మాత్రలు మీరు వేస్తున్నారా?"

ఆయన బుకాయించలేదు. "పరీక్షల వరకేగా. ఆరు రోజులై మధ్యాహ్నం ఒకటి. ఇవాళ ఇంగ్లీషని బడి గేటు దగ్గర ఇంకో రెండిచ్చా."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఒకరు చెప్పాలా? ఒక్కటి వేస్తేనే నలభయ్యోవాడు మూడోవాడయ్యాడు." చేతిలోని పొట్లం చూపించాడు. "రేపే లారీ అంటే మనమేం చేస్తాం? గంపకి ఇంకోటి పెడతాం. నాలుగు రోజుల్లో మాగే కాయ రెండు రోజుల్లో మాగుతుంది. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పనే, సుభద్రా."

"రంగొస్తుంది. టెంక దగ్గర పులుపు పోతుందా?"

కూలీలు చేతులు ఆపి చూస్తున్నారు. శేషగిరిరావు ఆమెని పక్కకి తీసుకెళ్లాడు.

"ఇదే బజార్లో వాణ్ణి ఏమనేవారో గుర్తుందా? శేషగిరిగారి కోతి అనేవాళ్లు. నిన్న అదే మనుషులు 'మీవాడు ఫస్టొస్తాడటగా' అన్నారు. నాకూ ఆశ ఉండదా?"

ఆయన తప్పు చేశాడు, చెడ్డ బుద్ధితో చెయ్యలేదు. తిట్టడానికి అదొక్కటే అడ్డం.

"మిగిలినవి ఉన్నాయా?"

"నాలుగున్నాయి," అన్నాడు, జేబు మీద చెయ్యి వేసి. ఇమ్మంటే ఇవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి నారాయణ వసారాలో అలాగే ఉన్నాడు. అన్నం ఎండిపోయింది.

"మధ్యాహ్నం వేసేది అదే మాత్రని నీకు తెలుసా?"

"తెలుసు. నాన్న చెప్పద్దన్నారు."

"ఒంట్లో ఎలా ఉంటోందో నాకైనా చెప్పాలి కదరా."

"చెబితే ఆపేస్తావుగా." వాడు గోరుతో గీరడం ఆపలేదు. "అది వేసుకుంటే నాన్న తిట్టరు. మాస్టారు మెచ్చుకుంటారు. నువ్వు ఏడవ్వు. మాత్ర లేనప్పటివాడు ఎవరికీ నచ్చడు కదమ్మా."

ఎవరో పక్కింటి పిల్లాడి గురించి చెప్పినట్టు చెప్పాడు. సుభద్ర వాడి కంచం తీసుకుని లోపలికెళ్లింది. గిన్నెల చప్పుడు చేసుకుంటూ చాలాసేపు అక్కడే ఉంది.

మర్నాడు ఆదివారం. మొదటి బస్సుకే ముగ్గురూ బెజవాడ వెళ్లారు. దశరథరామయ్యగారు ఇంట్లోనే చూశారు. సుభద్ర జరిగిందంతా చెప్పింది. నాడి పట్టుకుని గడియారం వంక చూస్తూ ఉండిపోయారు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. పిల్లాణ్ణి వరండాలో కూర్చోమని తలుపు దగ్గరగా వేశారు.

"ఇక ఒక్కటి కూడా వద్దు. మూడు వారాలు ఆపండి. గుండె నెమ్మదించాక మళ్లీ సగంతో మొదలెడదాం."

"మూడు పరీక్షలే మిగిలాయండీ," అన్నాడు శేషగిరిరావు. "మీరు రాసిన లెక్కే వేస్తాను. పొద్దున ఒకటి. అంతకి మించి ముట్టుకోను."

"ఇప్పుడున్న గుండెకి నేను రాసిన లెక్క కూడా ఎక్కువే." డాక్టరుగారు గొంతు పెంచలేదు. "పరీక్షలు వచ్చే ఏడు మళ్లీ వస్తాయి, శేషగిరిరావుగారూ. వాడు రాడు."

ఊళ్లో దిగాక నారాయణ అడిగాడు, "రేపు లెక్కలు. మాత్ర వేస్తావా?" సుభద్ర లేదంది. అరుస్తాడనీ ఏడుస్తాడనీ ఆమె అనుకుంది. అదేమీ లేదు.

సోమవారం పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హాల్ టికెట్ జేబులో పెట్టుకుని, వాడు తిన్నగా తండ్రి దగ్గరికెళ్లాడు.

"నాన్నా, ఒక్కటి. లెక్కలు ఒక్కటీ అయిపోతే చాలు. మిగతావి మాత్ర లేకుండా రాసేస్తా."

శేషగిరిరావు చెయ్యి జేబులోకి వెళ్లింది. నాలుగు మాత్రలూ అరచేతిలోకి వచ్చాయి. వాటి వంకా కొడుకు వంకా చూశాడు.

"మీ అమ్మనడుగు," అన్నాడు.

అంతే. ఆ రెండు మాటలతో ఆయన పక్కకి తప్పుకున్నాడు. మిగిలింది తల్లీ కొడుకూ. నారాయణ అడగలేదు, ఊరికే ఆమె మొహంలోకి చూశాడు. వాడికి లెక్కలన్నీ వచ్చు. నెల రోజులుగా తను పక్కన కూర్చుని చేయించింది. ఒక్క మాత్ర. ఒక్కదానికి ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. ఆ 'కాకపోవచ్చు' దగ్గర ఆమె ఒక్క నిమిషం ఆగింది.

తర్వాత భర్త చేతిలోంచి నాలుగూ తీసుకుని, వెళ్లి అంట్లగిన్నెలో నీళ్లలో వేసి, వేళ్లతో నలిపేసింది.

పరీక్ష బడి గేటు బయట ఆమె ఎండలో నిలబడింది. గంట కూడా కాలేదు. నారాయణ బయటికొచ్చాడు. వెనక వాచ్‌మన్.

"పక్కవాళ్లని రాయనివ్వట్లేదటమ్మా. నాలుగుసార్లు లేచాడట. ఐదోసారి పేపరు తీసేసుకున్నారు."

"మొదటి లెక్క చేశా," అన్నాడు నారాయణ. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, మాత్రలు మొదలుకాకముందు లాగే. "రెండోది సగం చేశా. బయట లారీ హారన్ కొట్టింది. తర్వాత కిటికీ రెక్క కొట్టుకుంది. ముందువాడి పెన్నులో సిరా అయిపోయింది, వాడు విదిలిస్తున్నాడు. నేను కూర్చుందామనే అనుకున్నానమ్మా. కాళ్లు వినలేదు. నాకు వచ్చు, అన్నీ వచ్చు. నువ్వు చేయించినవే ఇచ్చాడు."

చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకుని ముందు నడిచాడు. బజారు వీధిలో ఎవరో, "అప్పుడే అయిపోయిందేరా పరీక్ష?" అన్నారు. వాడు తల దించుకుని గోడవారగా పరిగెత్తాడు.

సాయంత్రం సూర్యనారాయణ మాస్టారు ఇంటికొచ్చి, సైన్సూ సోషలూ రాయించండి, అలవాటు తప్పకూడదు అని చెప్పి వెళ్లాడు. నారాయణ వసారా స్తంభం చుట్టూ తిరుగుతూ విన్నాడు. ఆయన వెళ్లాక ఆగాడు.

"రేపు నువ్వు రావద్దు. నానమ్మని పంపు."

"నేను వస్తే ఏమైందిరా?"

"నిన్ను చూస్తే గుర్తొస్తుంది. ఇచ్చి ఉంటే రాసేవాణ్ణని."

సుభద్ర సరేనంది. మర్నాడు ఇడ్లీ పెట్టింది, పెన్నులో సిరా నింపింది, అత్తగారికి గొడుగు ఇచ్చింది. శేషగిరిరావు అప్పటికే గోదాముకి వెళ్లిపోయాడు. నానమ్మా మనవడూ వీధి మలుపు తిరిగేదాకా ఆమె లోపలే ఉండి, అప్పుడు గుమ్మంలోకి వచ్చింది. పదయ్యేదాకా అక్కడే నిలబడింది. పేపరు ఇచ్చి ఉంటారు. వాడు మొదటి ప్రశ్న చదువుతూ ఉంటాడు. రెండోదాకా వెళ్లగలడో లేదో. ఆమె గడప మీద కూర్చుని, వాడు ఎంత త్వరగా తిరిగొస్తాడో అని భయపడుతూ వీధి వంకే చూసింది.