కిటికీలోంచి పడే తాళంచెవి

మూడోసారి ఉతికినా రాజేశం ఖాకీ చొక్కాలోంచి పొగ వాసన పోలేదు. సబ్బు నురగ ఇంకా నల్లగానే దిగుతోంది. పక్కింటి ఐలవ్వ గోడ మీంచి తొంగిచూసి, "నీ మొగడు దేవుడే బిడ్డా! పేపర్ల ఫోటో వడ్డది, సూసినవా?" అంది. చూశాను. గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి?

మొన్న పొద్దున ఏడింటికి మా బెల్లంపల్లిలోనే, పాత క్వార్టర్లలో, కోమల అనే ఆమె ఇంట్లో గ్యాస్ లీకై మంటలు లేచాయి. ఆమె భర్త అప్పటికే షిఫ్టుకని బొగ్గుబావికి పోయాడు. ఫైర్ బండి దిగిన రాజేశం మూడేళ్ల పాపను తడి దుప్పట్లో చుట్టి బయటికి తెచ్చాడు. "దూలం కూలుతది, ఆగు!" అని ఆఫీసరు అరుస్తున్నా ఆగకుండా మళ్లీ లోపలికి పోయాడు. కోమలను భుజాన వేసుకుని వచ్చేసరికి అతని ఎడమ చేయి మోచేతి దాకా కమిలిపోయింది. ఆమె కరీంనగర్ ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదు.

ఆ సాయంత్రం రాజేశం కంచం ముందు కూర్చుని చాలాసేపు అన్నం ముట్టలేదు. "బయట తాళం ఏసున్నది. గడ్డపారతోని పలగ్గొట్టినం. పాపను ఇచ్చి మల్ల వోయి సూస్తే, ఆమె కిటికీ కాడికి రాకముందే వడిపోయున్నది. తాళంచెవి పిడికిట్లనే ఉన్నది" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో మాట అంటాడేమోనని చూశాను. "కూరల ఉప్పు తక్కువున్నది" అన్నాడు.

మా బొగ్గుబావి ఇళ్లలో ఇదొక అలవాటు. తెల్లవారకముందే డ్యూటీకి పోయే మగవాళ్లు పెళ్లాన్ని లేపకుండా బయట తాళం వేసి, చెవిని కిటికీలోంచి లోపలికి విసిరి పోతారు. ఆమె లేచాక చేయి బయటికి చాపి, ఆ చెవిని ఎవరికైనా ఇచ్చి తాళం తీయించుకోవాలి. మా మామ బావిలో పనిచేసినన్నాళ్లూ అదే చేశాడట. కొడుకు నిప్పులార్పే నౌకరీలో చేరినా అదే చేస్తున్నాడు. పెళ్లైన కొత్తలో ఇదేమిటని అడిగితే అత్త శంకరవ్వ, "నీ నిద్ర ఖరాబు గావద్దనే గదా! గంత పావురంగ, పానం లెక్క జూసుకునేటోడు ఎవలకు దొరుకుతడు?" అంది. ఒకసారి ఐలవ్వ ఊళ్లో లేని రోజు, పెరట్లో ఉన్న మరుగుదొడ్డికి పోలేక, కడుపు పట్టుకుని పది గంటల దాకా ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. సాయంత్రం చెబితే రాజేశం నవ్వాడు. "ఎవలనన్న పిలవకపోయినవా?"

అసలు నాకు నిద్రెక్కడిది? అతను లేచినప్పుడే నాకూ మెలకువ వస్తుంది. కళ్లు మూసుకునే వింటుంటాను, నీళ్లు పోసుకున్న చప్పుడు, బూట్ల చప్పుడు. ఈ రోజైనా పేరు పెట్టి ఒక్కసారి పిలుస్తాడా అని పదకొండేళ్లుగా చూస్తున్నాను. తర్వాత తాళం పడుతుంది, చెవి వచ్చి గచ్చు మీద పడుతుంది. ఆ చప్పుడు విన్నాక ఇంట్లో నేనొక్కదాన్నే అని తెలుస్తుంది. అతను ఉన్నప్పుడూ ఒక్కదాన్నేనని కూడా తెలుస్తుంది.

నిన్నంతా సెలవులో ఉన్నాడు. కోమల తాళం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఈ రోజు పొద్దున, కట్టు కట్టిన చేతితోనే తాళం వేశాడు. చెవి ఎప్పటిలాగే వచ్చి నా మంచం పక్కన పడింది. పాపం, అతను ఏమీ ఆలోచించి చేయలేదు. అందుకే నాకు అంత భయం వేసింది.

చొక్కా ఆరేసి, అతని పనిముట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. తలుపుకు బయటున్న గొళ్లెం మరలు తుప్పు పట్టి ఒక పట్టాన కదల్లేదు. ఐలవ్వ చూసి, "ఏంది పిల్లా గది, ఇల్లు ఇప్పుతున్నవా?" అంది. అరచేయి బొబ్బలెక్కింది గానీ గొళ్లెం చేతికొచ్చింది.

మరునాడు తెల్లవారుజామున బయట బూట్ల చప్పుడు ఆగిపోయింది. తాళం పట్టుకుని, ఓరగా తెరిచిన తలుపు మీది ఖాళీ రంధ్రాల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"గొళ్లెం ఏమైంది?"

"తీసేసిన."

"మరి తాళం ఎట్ల ఎయ్యాలె?"

"ఎయ్యకు," అన్నాను. "నన్ను లేపి పో."